స్టేజ్ చేసే ముందే మార్పులను దిద్దుకోవడం: గిట్‌లో వరుసల వారీ ఎంపిక

ఒకే ఫైలులో రెండు పనులు కలిసిపోయాయి, వాటిలో ఒక్కదాన్నే కమిట్ చేయడం, అంటే మార్పుల చరిత్రలో నమోదు చేయడం, ఎలా? కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ వాడేవారి నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవారిలో చాలామందికి, మార్పులను గుంపులుగా (హంక్‌లుగా) చూపి ఏవి కావాలో అడిగే ‘గిట్ యాడ్ -పి’ తెలుసు. ‘ఎస్’ నొక్కినా హంక్ విడిపోకపోతే మాత్రం అక్కడే ఆగిపోతున్నారు. కొందరు ఫైలు నకలు దాచుకుని, అక్కర్లేని వరుసలను చేత్తో చెరిపి, కమిట్ చేశాక నకలును మళ్ళీ తెచ్చి పెడుతున్నారు. అంత అవస్థ అక్కర్లేదు. స్టేజ్ కాబోయే (తర్వాతి కమిట్‌కు సిద్ధం కాబోయే) ప్యాచ్‌నే, అంటే మార్పుల జాబితానే, ఎడిటర్‌లో తెరిచి దిద్దవచ్చు.

ఒక మాట ముందే చెబుతాను. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఎప్పటిలాగే ఆంగ్ల అక్షరాలతో టైపు చేయాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ సంగతి విడిగా చెప్పాను.

## 1. మూడు ప్రతులు ఉన్నాయని గుర్తుంచుకోండి

గిట్ దృష్టిలో ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉంటాయి: చివరి కమిట్‌లో ఉన్నది ఒకటి, ఇండెక్స్‌లో (తర్వాతి కమిట్‌కు సిద్ధం చేసే చోట) ఉన్నది ఒకటి, మీ ఫోల్డర్‌లో కళ్ళెదుట ఉన్నది ఒకటి. ‘గిట్ యాడ్’ మూడోదాన్ని రెండోదానిలోకి నకలు చేస్తుంది. కమిట్ అయ్యేది ఆ రెండో ప్రతి.

ప్యాచ్‌ను దిద్దేటప్పుడు మీరు మార్చేది ఇండెక్స్‌లోని ప్రతిని మాత్రమే. డిస్కు మీది ఫైలు కదలదు. కాబట్టి ఈ పనిలో చెయ్యి తప్పినా రాసిన కోడ్ పోదు. మహా అయితే ఇండెక్స్ చెడుతుంది, దాన్ని ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

దీనికి ఇంకో కోణం కూడా ఉంది. మీరు ఇండెక్స్‌లో కూర్చిన ప్రతి ఇంతవరకూ ఏ ఫోల్డర్‌లోనూ ఫైలుగా లేదు. దాన్ని ఎవరూ నడిపి చూడలేదు. మీ ఫోల్డర్‌లో పరీక్షలన్నీ గట్టెక్కినా, కమిట్ అయ్యే ప్రతి కనీసం కంపైల్ అవుతుందన్న హామీ లేదు. ఈ పద్ధతిలో అసలు ప్రమాదం ఇదే. దాని సంగతి ఏడో మెట్టులో చూద్దాం.

## 2. సన్నాహం

ముందుగా కాగితం మీద, కాబోయే కమిట్‌లకు ఒక్కో వరుస సందేశం రాసుకోండి. ‘సమయ పరిమితి పెంపు’, ‘ప్రయత్నాల సంఖ్య మార్పు’ అన్నట్టు. ఇది రాయలేకపోతున్నారంటే పనులు ఎక్కడ విడిపోతాయో మీకే ఇంకా స్పష్టంగా లేదన్నమాట. అలాంటప్పుడు ప్యాచ్ తెరిచి కూర్చున్నా ప్రయోజనం ఉండదు.

తర్వాత ఈ జాబితా ప్రకారం సరిచూసుకోండి:

- ‘గిట్ స్టేటస్’ చూడండి. ఇదివరకే స్టేజ్ అయినవి ఏవైనా ఉన్నాయా?
- ‘గిట్ డిఫ్’ మొత్తం ఒకసారి చదవండి. ఇది ఇండెక్స్‌కూ ఫోల్డర్‌కూ మధ్య తేడా చూపిస్తుంది. ఇండెక్స్‌కూ చివరి కమిట్‌కూ మధ్య తేడా కావాలంటే ‘గిట్ డిఫ్ --స్టేజ్డ్’.
- భయముంటే ‘గిట్ డిఫ్ హెడ్’ ఫలితాన్ని రిపాజిటరీ (గిట్ చూసుకునే ప్రాజెక్టు ఫోల్డర్) బయట ఒక ఫైలులో దాచుకోండి. ఇక్కడ హెడ్ అంటే చివరి కమిట్, అన్నీ పెద్ద అక్షరాలే. గిట్ ఇంకా ఎరగని కొత్త ఫైళ్ళు అందులోకి రావు, వాటిని విడిగా నకలు తీసుకోవాలి.
- కొత్త ఫైలులో కొంత భాగమే కమిట్ చేయాలనుకుంటే ముందు ‘గిట్ యాడ్ -ఎన్ ఫైలుపేరు’ ఇవ్వండి. ఇక్కడ ఎన్ పెద్ద అక్షరం. ఇది చేయకపోతే ఆ ఫైలు ‘-పి’కి కనిపించదు.

చివరిది, చాలామంది విస్మరించేది, ఎడిటర్ అమరిక. గిట్ ఏ ఎడిటర్‌ను తెరవాలో ‘కోర్.ఎడిటర్’ అమరిక చెబుతుంది. కిటికీలో తెరుచుకునే ఎడిటర్ వాడేవారు, అది మూసే దాకా ఆగమని చెప్పే ‘--వెయిట్’ లాంటి ఐచ్ఛికాన్ని దానికి జోడించాలి. లేకపోతే ఎడిటర్ తెరుచుకున్న క్షణమే పని అయిపోయిందని గిట్ అనుకుంటుంది. మీరు ఇంకా చదువుతూ ఉండగానే హంక్ యథాతథంగా స్టేజ్ అయిపోతుంది.

సేవ్ చేసినప్పుడల్లా వరుస చివరి ఖాళీలను తీసేసే సదుపాయం, ట్యాబ్‌లను ఖాళీలుగా మార్చే సదుపాయం ఉంటే ప్యాచ్ ఫైళ్ళ వరకూ వాటిని ఆపండి. ప్యాచ్‌లో ప్రతి ఖాళీకీ అర్థం ఉంటుంది.

## 3. హంక్‌ల మీదుగా ఒక చుట్టు

‘గిట్ యాడ్ -పి ఫైలుపేరు’ ఇవ్వండి. ఫైలు పేరు ఇవ్వకపోయినా పని జరుగుతుంది, కానీ మార్పులు పది ఫైళ్ళలో ఉంటే దారి తప్పుతారు. మార్పుల గుంపు ఒక్కొక్కటే, అంటే ఒక్కో హంక్, తెర మీదికి వస్తుంది. ప్రతిదాని కిందా ఏం చేయమంటారని గిట్ అడుగుతుంది. రోజువారీ పనికి ఈ కీలు చాలు:

- వై: ఈ హంక్‌ను స్టేజ్ చేయి
- ఎన్: వద్దు
- ఎస్: ఇంకా చిన్న ముక్కలు చేయి
- ఇ: ఎడిటర్‌లో తెరువు
- డి: ఈ హంకూ వద్దు, ఈ ఫైలులో మిగిలినవీ వద్దు
- క్యూ: ఇక్కడితో ఆపు
- ప్రశ్నార్థకం: మిగిలిన కీల వివరం

మొదట ఎప్పుడూ ‘ఎస్’ ప్రయత్నించండి. అది పనిచేయడానికి ఒకటే షరతు: రెండు మార్పుల మధ్య మారని వరుస కనీసం ఒక్కటైనా ఉండాలి. పక్కపక్కనే అంటుకుని ఉన్న మార్పులను గిట్ తనంతట తాను విడదీయలేదు. ఎక్కడ కోయాలో దానికి తెలియదు కదా. అప్పుడే ‘ఇ’ అవసరం.

## 4. ‘ఇ’ నొక్కాక: రెండే కదలికలు

ఎడిటర్‌లో హంక్ తెరుచుకుంటుంది. ప్రతి వరుసకూ మొదటి గడిలో ఒక గుర్తు ఉంటుంది. ప్లస్ ఉంటే మీరు చేర్చిన వరుస, మైనస్ ఉంటే తీసేసిన వరుస, ఖాళీ ఉంటే మారని వరుస. హ్యాష్ గుర్తుతో మొదలయ్యేవి గిట్ రాసిన సూచనలు, వాటిని పట్టించుకోనక్కర్లేదు.

వందకు తొంభైసార్లు మీకు కావలసినవి ఈ రెండే:

- చేర్చిన వరుస ఈ కమిట్‌లో వద్దనుకుంటే, ఆ ప్లస్ వరుసను పూర్తిగా చెరిపేయండి.
- తీసేసిన వరుస ఈ కమిట్‌లో ఇంకా ఉండాలనుకుంటే, దాని ముందున్న మైనస్ స్థానంలో ఒక ఖాళీ పెట్టండి. వరుసను చెరపకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అమరికల ఫైలు ఒకటి ఉంది. అందులో సమయ పరిమితిని పెంచారు, ప్రయత్నాల సంఖ్యను మార్చారు, ఎక్కడ ఆగిపోతోందో చూడటానికి ఒక తాత్కాలిక వరుసనూ చేర్చారు. హంక్ ఇలా కనిపిస్తుంది:

```
 భాష = తెలుగు
-సమయ_పరిమితి = 30
-ప్రయత్నాలు = 3
+సమయ_పరిమితి = 60
+ప్రయత్నాలు = 5
+పరీక్ష_ముద్రణ = అవును
 నిల్వ = ఉంది
```

ఇప్పుడు సమయ పరిమితి మార్పు ఒక్కటే కమిట్ కావాలి. పై రెండు సూత్రాలనూ గుడ్డిగా పాటిస్తే ఇది వస్తుంది:

```
 భాష = తెలుగు
-సమయ_పరిమితి = 30
 ప్రయత్నాలు = 3
+సమయ_పరిమితి = 60
 నిల్వ = ఉంది
```

ప్యాచ్ చక్కగా అతుకుతుంది. గిట్ ఏమీ అనదు. కానీ ఫలితాన్ని పైనుంచి కిందికి చదవండి: ప్రయత్నాల వరుస పైకి, సమయ పరిమితి కిందికి వెళ్ళాయి. అమరికల ఫైలులో ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. రెండో వరుస మొదటిదాని మీద ఆధారపడిన ప్రోగ్రాములో అయితే కొంప మునిగినట్టే.

అందుకే మైనస్‌ను ఖాళీగా మార్చిన ప్రతిసారీ, ప్లస్ వరుస ఎక్కడ ఉండాలో చూసి అక్కడికి జరపాలి:

```
 భాష = తెలుగు
-సమయ_పరిమితి = 30
+సమయ_పరిమితి = 60
 ప్రయత్నాలు = 3
 నిల్వ = ఉంది
```

ప్లస్ వరుసలను హంక్ లోపల ఎక్కడికైనా జరపవచ్చు. మైనస్ వరుసలు, మారని వరుసలు మాత్రం తమ క్రమం తప్పకూడదు. అవి పాత ఫైలుకు సాక్ష్యం, వాటిని చూసే గిట్ చోటు గుర్తుపడుతుంది.

నేను సేవ్ చేసే ముందు రెండుసార్లు చదువుతాను. మొదటిసారి ప్లస్ వరుసలను వదిలి చదివితే పాత ఫైలు రావాలి. రెండోసారి మైనస్ వరుసలను వదిలి చదివితే కమిట్ కాబోయే ఫైలు రావాలి. అర నిమిషం పని ఇది. పై తప్పు రెండో చదువులో తప్పక దొరుకుతుంది.

హంక్ తలమీద జంట ఎట్ గుర్తుల మధ్య ఉండే వరుస సంఖ్యలను మీరు సరిచేయనక్కర్లేదు. గిట్ తానే మళ్ళీ లెక్కపెట్టుకుంటుంది.

## 5. లేని వరుసను చేర్చవచ్చా?

చేర్చవచ్చు. ప్లస్ గుర్తుతో కొత్త వరుస రాస్తే అది ఇండెక్స్‌లోకి వెళుతుంది. చేర్చిన ప్లస్ వరుసలోని మాటలను మార్చినా అంతే. ఉదాహరణకు మీ ఫైలులో 60 ఉంది, ఈ కమిట్‌కు 45 చాలనుకుంటే, ప్లస్ వరుసలో 45 అని దిద్దవచ్చు.

అలా చేశాక ‘గిట్ డిఫ్’ చూస్తే 45 పోయి 60 వచ్చినట్టు కనిపిస్తుంది. కంగారుపడకండి. ఇండెక్స్‌లో 45, ఫోల్డర్‌లో 60 ఉన్నాయి, ఆ తేడానే గిట్ చెబుతోంది. అదే మీ తర్వాతి కమిట్ అయితే మంచిదే. కాకపోతే ఫోల్డర్‌లోని ఫైలును కూడా దిద్దాలి. లేదంటే రేపు ఏ ఆలోచనా లేకుండా ఇచ్చే ‘గిట్ యాడ్’ 45ను 60గా మార్చేస్తుంది.

మారని వరుస ముందు మైనస్ పెట్టి తీసేయడమూ సాధ్యమే. దాని పర్యవసానమూ ఇలాంటిదే: ఫోల్డర్‌లో ఆ వరుస కొత్తగా చేర్చినట్టు కనిపిస్తుంది.

నా మటుకు నేను ఈ సదుపాయాన్ని ఒక్క సందర్భంలోనే వాడతాను. కోడ్‌ను రెండు కమిట్‌లుగా కోసినప్పుడు మొదటిది నిలబడటానికి మధ్యలో ఒక చిన్న వంతెన వరుస కావలసి వస్తుంది. అంతకు మించి రాయాల్సి వస్తే ఫైలులోనే రాస్తాను. ప్యాచ్ కిటికీలో కోడ్ రాయడమంటే దీపం ఆర్పి సూదిలో దారం ఎక్కించడమే.

ఇవి మాత్రం ఎప్పుడూ చేయకండి, ప్యాచ్ అతకదు:

- మైనస్ వరుసలోని మాటలను మార్చడం
- మారని వరుసలోని మాటలను మార్చడం
- పాత ఫైలులో లేని వరుసను ఖాళీ గుర్తుతోనో మైనస్ గుర్తుతోనో చొప్పించడం
- మైనస్ వరుసలనూ మారని వరుసలనూ మధ్యలోంచి చెరిపేయడం

## 6. మొత్తం డిఫ్‌ను ఒకేసారి దిద్దడం

‘గిట్ యాడ్ -ఇ ఫైలుపేరు’ ఇస్తే ప్రశ్నలు ఉండవు, ఆ ఫైలు డిఫ్ అంతా ఒకేసారి ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. సూత్రాలు అవే. ఎడిటర్‌లో వెతికి మార్చే సదుపాయం వాడుకోవచ్చు కాబట్టి, ఇరవై చోట్ల చేర్చిన తాత్కాలిక ముద్రణ వరుసలను ఒక్క దెబ్బకు చెరపడానికి ఇది బాగుంటుంది. అయితే ప్యాచ్ అతకకపోతే మళ్ళీ దిద్దే అవకాశం అడగదు, పొరపాటు చూపి ఆగిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు ‘-పి’తోనే ఉండటం మేలు.

## 7. స్టేజ్ అయినదాన్ని నడిపి చూడటం

ముందు ‘గిట్ డిఫ్ --స్టేజ్డ్’ పూర్తిగా చదవండి. పైపైన చూడటం కాదు, ఇతరుల కోడ్ సమీక్షిస్తున్నట్టు చదవాలి. తర్వాత ‘గిట్ డిఫ్’ కూడా చూడండి. మీకు కావలసిన వరుస అక్కడ మిగిలిపోయి ఉండవచ్చు.

చదవడంతో సరిపెట్టుకోవద్దు. ఇండెక్స్‌లోని ప్రతిని నడిపి చూడటానికి రెండు దారులున్నాయి.

మొదటిది, ఇండెక్స్‌ను వేరే ఫోల్డర్‌లోకి దింపడం. ఆదేశం ‘గిట్ చెకౌట్-ఇండెక్స్ -ఎ --ప్రిఫిక్స్=ఫోల్డర్/’. చివరి ఏటవాలు గీత మరవకండి. ప్రిఫిక్స్ అక్షరాలా పేరు ముందు అతుకుతుంది, గీత లేకపోతే ఫోల్డర్ పేరూ ఫైలు పేరూ కలిసిపోతాయి. రిపాజిటరీ బయటి ఫోల్డర్ ఇవ్వడం మంచిది. గిట్ పట్టించుకోని ఫైళ్ళు, దిగుమతి చేసుకున్న లైబ్రరీల వంటివి అక్కడికి రావు, వాటిని విడిగా అమర్చుకోవాలి.

రెండోది, ముందు కమిట్ చేసి తర్వాత పరీక్షించడం. కమిట్ అయ్యాక ‘గిట్ స్టాష్ -యు’తో మిగిలిన మార్పులను పక్కన పెట్టండి. పరీక్షలు నడపండి. ‘గిట్ స్టాష్ పాప్’తో మార్పులను వెనక్కి తెచ్చుకోండి. ఏదైనా తప్పు దొరికితే పాప్ అయ్యాకే దాన్ని స్టేజ్ చేసి, చివరి కమిట్‌నే సవరించే ‘గిట్ కమిట్ --అమెండ్’ ఇవ్వండి. ఆ కమిట్‌ను ఇంకా పుష్ చేయలేదు (ఇతరులకు పంపలేదు) కాబట్టి ఇబ్బంది ఉండదు.

కమిట్ చేయకముందే ‘గిట్ స్టాష్ --కీప్-ఇండెక్స్’ వాడమని సలహా ఇచ్చేవారున్నారు. వరుసలు దిద్ది స్టేజ్ చేసిన ఫైళ్ళలో దాని తర్వాత పాప్ చేస్తే ఘర్షణలు వచ్చే అవకాశం ఎక్కువ. ఎందుకంటే స్టేజ్ అయిన మార్పులు కూడా ఆ స్టాష్‌లోకి వెళతాయి, పక్కపక్క వరుసలు రెండు వైపులనుంచీ ఢీకొంటాయి. నేను వాడను.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటి విరుగుడు

సేవ్ చేయకుండా ఎడిటర్ మూసేశారు. రద్దయిందని అనుకుంటారు. కాలేదు. ప్యాచ్ మారలేదు కాబట్టి అది చక్కగా అతుకుతుంది, హంక్ మొత్తం స్టేజ్ అవుతుంది. నా తాత్కాలిక ముద్రణ వరుసలు ఒకసారి ఇలాగే కమిట్‌లోకి వెళ్ళిపోయాయి. రద్దు చేయాలంటే హంక్‌లోని వరుసలన్నీ చెరిపి, సేవ్ చేసి మూయాలి.

ప్యాచ్ అతకలేదు, మళ్ళీ దిద్దుతారా అని అడుగుతోంది. వద్దంటే మీ దిద్దుబాటు పోతుంది, ఫైలు పోదు. సరేనని తెరిచి మైనస్ వరుసలనూ మారని వరుసలనూ పాత ఫైలుతో పోల్చండి. వరుస చివరి ఖాళీలను ఎడిటర్ మింగేయడం, ట్యాబ్ ఖాళీలుగా మారడం, మైనస్ తీసేశాక దాని చోట ఖాళీ పెట్టడం మరవడం సాధారణ కారణాలు. ‘ఎస్’తో విడగొట్టిన ముక్కను దిద్దితే కూడా కొన్నిసార్లు ఇలా అవుతుంది. అప్పుడు ‘క్యూ’తో బయటికి వచ్చి, ఈసారి విడగొట్టకుండా మొత్తం హంక్‌ను దిద్దండి.

జంటలో సగమే దిద్దారు. ప్లస్ వరుసను చెరిపి, దానికి జతైన మైనస్‌ను అలాగే వదిలేస్తే, ఈ కమిట్‌లో ఆ వరుస పూర్తిగా మాయమవుతుంది. గిట్‌కు ఇది తప్పని తెలియదు.

కష్టపడి స్టేజ్ చేసి ‘గిట్ కమిట్ -ఎ’ ఇచ్చారు. అప్పటిదాకా పడ్డ శ్రమ గంగలో కలిసింది. ట్రాకింగ్‌లో ఉన్న ఫైళ్ళన్నీ ఫోల్డర్‌లో ఉన్నట్టుగానే కమిట్ అవుతాయి. కమిట్ ఆదేశానికి ఫైలు పేరు ఇచ్చినా ఆ ఫైలుకు ఇదే గతి. ఉత్త ‘గిట్ కమిట్’ ఇవ్వండి. నేనైతే ‘గిట్ కమిట్ -వి’ ఇస్తాను, సందేశం రాసే చోటే డిఫ్ కూడా కనిపిస్తుంది.

కమిట్ ముందు తనంతట తాను నడిచే చిన్న స్క్రిప్టు, అంటే హుక్, ఫైలును సర్ది మళ్ళీ యాడ్ చేసింది. అలాంటి హుక్ చాలాసార్లు ఫోల్డర్‌లోని ఫైలును మొత్తంగా స్టేజ్ చేస్తుంది, మీరు వదిలిన వరుసలూ లోపలికి వచ్చేస్తాయి. కమిట్ అయ్యాక ‘గిట్ షో’ చూస్తే బయటపడుతుంది. హుక్ ఫైళ్ళను మార్చడం మాని, పరిశీలించి చెప్పేలా చేయడమే అసలు చికిత్స.

స్టేజ్ అయ్యాక ఫైలును సరిదిద్దారు. ఇండెక్స్‌లో పాత ప్రతే ఉంది. మళ్ళీ ‘గిట్ యాడ్ -పి’ ఇవ్వాలి.

ఎక్కువ స్టేజ్ చేశారు. ‘గిట్ రిస్టోర్ --స్టేజ్డ్ -పి’ ఇస్తే హంక్‌ల వారీగా వెనక్కి తీయవచ్చు. గిట్ రిస్టోర్ 2019లో 2.23తో వచ్చింది. అంతకన్నా పాతది వాడుతుంటే ‘గిట్ రీసెట్ -పి’ ఇదే పని చేస్తుంది.

## 9. మిగిలిన వరుసల సంగతి

కమిట్ ఇచ్చే ముందు చివరి చూపు:

- స్టేజ్ అయిన డిఫ్‌కూ కాగితం మీది సందేశానికీ పొంతన ఉందా?
- తాత్కాలిక ముద్రణ వరుసలు ఏవైనా లోపలికి వచ్చాయా?
- వరుసల క్రమం ఫోల్డర్‌లో ఉన్నట్టే ఉందా?
- ‘గిట్ డిఫ్ --స్టేజ్డ్ --చెక్’ ఖాళీల లోపాలు ఏమైనా చూపిస్తోందా?
- కమిట్ ఆదేశంలో ‘-ఎ’ కానీ ఫైలు పేరు కానీ లేవు కదా?

మొదటి కమిట్ అయ్యాక రెండో సందేశం తీసుకుని మూడో మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి హంక్ చిన్నదవుతుంది, చాలావరకు ‘ఇ’ అవసరమే రాదు. పై ఉదాహరణలో ప్రయత్నాల వరుస, పరీక్ష ముద్రణ వరుస మాత్రమే మిగిలాయి. అవి అంటుకుని ఉన్నాయి కాబట్టి ‘ఇ’ నొక్కి, పరీక్ష ముద్రణ ప్లస్ వరుస ఒకటి చెరిపితే సరి.

ఆఖరున ఎవరికీ అక్కర్లేని తాత్కాలిక వరుసలు ఫోల్డర్‌లో మిగులుతాయి. వాటిని ‘గిట్ రిస్టోర్ -పి’తో ఒక్కో హంక్ చూసి పారేయవచ్చు. ఇక్కడ ‘--స్టేజ్డ్’ లేదని గమనించండి. ఇప్పటిదాకా చెప్పిన యాడ్ ఆదేశాలేవీ డిస్కు మీది ఫైలును ముట్టుకోలేదు, ఇది ముట్టుకుంటుంది. ఇలా పారేసిన వరుసలను గిట్ ఎక్కడా దాచి ఉంచదు కాబట్టి, రెండో మెట్టులో దాచుకున్న డిఫ్‌ను ఈ పని అయ్యేదాకా చెరపకండి.